అమ్మ చేతిలో ఫోను

ఆదివారం ఉదయం టిఫిన్లు కాకముందే ప్రమీలారాణి ఫోను మళ్లీ బిగుసుకుపోయింది. భద్రాచలంలో ఆమె మగ్గం వర్క్ జాకెట్లకు మంచి పేరుంది. చర్ల నుంచి భీమక్క అనే ఆవిడ కూతురి పెళ్లి జాకెట్టు కుట్టడానికిచ్చి, పని ఎంతవరకు వచ్చిందో ఫొటో పెట్టమని నిన్నటి నుంచి అడుగుతోంది. ఫొటో తీయబోతే తెర నల్లబడిపోతోంది.

“ఇంక దీన్ని వదిలెయ్యమ్మా. ఇయ్యాల కొత్తది కొనుడే,” అన్నాడు కొడుకు నాగచైతన్య. అతనికి ఖమ్మంలో ఉద్యోగం. వారమంతా అక్కడుండి, శని ఆదివారాలకే ఇల్లు చేరతాడు.

అంతే, ఇంట్లో ఎన్నికల హడావుడి మొదలైంది. చైతన్యది ఐఫోను పార్టీ. దుమ్ముగూడెం బడిలో టీచరుగా చేస్తున్న అతని భార్య హైమది శామ్‌సంగ్. తండ్రి వెంకటరామారావు వివో తప్ప ఇంకోదాన్ని ఫోననే ఒప్పుకోడు. ఫోను ఎవరికోసం కొంటున్నారో ఆ ప్రమీలారాణిని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆమె దోసెలు వేస్తూ అందరి మాటా విన్నది.

“ఐఫోన్ కెమెరా ముంగట ఏదీ నిలవదు. జరీ పోగు పోగూ కనపడ్తది,” అన్నాడు చైతన్య.

“ముందు బ్యాటరీ సంగతి చెప్పరా. నా ఫోన్‌కు పొద్దున చార్జింగ్ పెడితే రేపటిదాకా ఢోకా లేదు,” అన్నాడు తండ్రి.

“మీరు దాన్ని ముట్టుకుంటే గదా అయిపోనీకి,” అంది ప్రమీలారాణి. అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వులోనే హైమ, “అత్తమ్మకు నాలాంటిది అయితే సులువేమో,” అంది మెల్లగా. ఆ మాట ఎవరి చెవినా పడలేదు.

బజారులో దుకాణదారు మూడు రకాల ఫోన్లూ బల్ల మీద పరిచాడు. చైతన్య ఐఫోను అందుకుని, ఫొటో తీసి, పెద్దది చేసి, “చూసినవా అమ్మా, ఎంత మంచిగుందో!” అన్నాడు. ప్రమీలారాణి చెయ్యి చాపింది. అందేలోపే ఫోను మళ్లీ అతని వేళ్ల కిందికి పోయింది. ఆమె చెయ్యి కాసేపు అలాగే ఉండి, కొంగు సర్దుకున్నట్టు వెనక్కి వచ్చింది.

హైమకు అది చూసి మనసు చివుక్కుమంది. “అత్తమ్మా, ఇది కూడా ఒకసారి పట్టుకొని చూడండి,” అంటూ శామ్‌సంగ్ అందించింది.

చైతన్యకు చిర్రెత్తింది. “ఏంది హైమా, గిట్ల అడ్డం పడ్తున్నవ్? మా అమ్మ చేతిల నీకంటే మంచి ఫోన్ ఉంటే ఓర్వలేవా?”

దుకాణదారు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. హైమ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

“చైతూ, ఆ మాట అనకు,” అంది ప్రమీలారాణి. “ఐఫోన్ మంచిదే, కాదన్నదెవరు? నాకేదన్న రాకపోతే నిన్నడుగుత. నువ్వు ఫోన్ గుంజుకొని, టకటక నొక్కి, ‘అయిపోయింది, తీస్కో’ అంటవ్. ఏం నొక్కినవో నాకు తెల్వదు. ఇగో, హైమ గట్ల చెయ్యదు. రెండు చేతులూ వెనకకు కట్టుకొని నిలబడి, ‘మీరే నొక్కండి అత్తమ్మా’ అంటది. నేను తప్పు నొక్కినా చెయ్యి ముందుకు తేదు. బడిపిల్లల దగ్గర ఎంత ఓపికో, నా దగ్గర గంతే. ఆమె ఫోన్ మీదనే ఫొటో పంపుడు నేర్చుకున్న.”

“జల్దీ అయితదనుకున్ననమ్మా...”

“నీకు జల్దీ అయింది బిడ్డా. నాకే ఏం రాలే. నువ్వు వారానికోసారి వస్తవ్. మిగతా రోజులు నా గిరాకీ నేను చూసుకోవద్దా?”

చైతన్యకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తల్లి చాపిన చెయ్యి ఇప్పుడు గుర్తొచ్చింది. “తప్పయింది హైమా,” అన్నాడు, అందరి ముందే. హైమ కళ్లు తుడుచుకుని తలూపింది. ప్రమీలారాణి శామ్‌సంగ్ తీసుకుంది. ఆ ఇంట్లో ఐఫోను పార్టీ ఓడిపోవడం అదే మొదటిసారి.

కొత్త ఫోను సర్దుకోవడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది. ప్రమీలారాణి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. రెండుసార్లు తప్పు నొక్కింది, ఒకసారి మొగుణ్ణి విసుక్కుంది. భీమక్కకు జాకెట్టు ఫొటో తానే పంపింది. “శానా బాగుందక్కా!” అని జవాబొస్తే, అది ఇంటిల్లిపాదికీ చదివి వినిపించింది.

చైతన్య ఆమె ఎదురుగానే నిలబడ్డాడు. వేళ్లు ఒకటే జిలపెడుతున్నాయి. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఇంకొకదానితో గట్టిగా పట్టుకున్నాడు. “నువ్వే నొక్కమ్మా,” అన్నాడు.

ప్రమీలారాణి తలెత్తి చూసింది. బడిలో నిలబెట్టిన పిల్లాడిలా ఉన్నాడు కొడుకు. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఫోనెత్తి అతని ఫొటో తీసింది. మూలన ఆమె బొటనవేలు కూడా పడింది. ఆలోచించి, ఆలోచించి, ఎక్కడో నొక్కింది.

చైతన్య జేబులో ఐఫోను టింగుమంది.

“వచ్చిందారా?” అంది ఆత్రంగా.

“వచ్చిందమ్మా,” అన్నాడు. చేతులు మాత్రం వెనకనే ఉన్నాయి.