అడిగే గొంతు, చెప్పే గొంతు

కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక సందులో ఉన్న ఆ ఇంటికి ఆ రోజుల్లో మంచి పేరు లేదు. వాటాల కోసం అన్నదమ్ములిద్దరూ కోర్టుకెక్కారు. తీర్పు రాకముందే ఒకడి వెనక ఒకడు పోయాడు. ఒకవైపు ప్రహరీ కూలింది. తలుపుకి తాళం మాత్రం అలాగే వేలాడుతోంది.

తాళం పడ్డ ఇళ్లు బస్తీలో ఎన్ని లేవు! కానీ సకల జనుల సమ్మె మొదలయ్యాక ఆ ఇంట్లోంచి మాటలు వినపడసాగాయి. తెల్లవారుజామున, కరెంటు పోయిన వేళ... ముందు ఏదో ఈడ్చుకొస్తున్నట్టు గరగరమని చప్పుడు. తరవాత మాటలు. ఒకడు అడుగుతాడు. ఇంకొకడు జవాబు చెబుతాడు. అడిగే గొంతు వేరు, చెప్పే గొంతు వేరు.

"సచ్చినా వాటాలు తెగలే వీళ్లకు," అని పగటిపూట నవ్వేవాళ్లు. చీకటి పడితే ఆ నవ్వినవాళ్లే చుట్టు తిరిగి పోయేవాళ్లు.

కెప్టెన్ చక్రపాణికి ఈ సంగతి చెప్పింది ఇస్త్రీ బండి ముత్తమ్మ. నల్లగొండ నుంచి వచ్చిన మనిషి, ఆ సందు మొదట్లోనే కాపురం. చక్రపాణి తెల్ల చొక్కాలన్నీ ఆమె బొగ్గుల పెట్టె కిందనే నలుగుతాయి. విమానం నడిపేవాడి చొక్కా అని ఆమెకు కాస్త గర్వం కూడా.

"సారూ, నువ్వు చీకట్ల పోతవు గదా. సందులకెల్లి పోకు. సీదా మెయిన్ రోడ్డు మీదనే పో."

"నేనెప్పుడూ మెయిన్ రోడ్డు మీదే వెళ్తాను ముత్తమ్మా."

"పోనీ తియ్యే," అన్నాడు ఆమె మొగుడు బక్కయ్య. సమ్మెలో ఆటో ఆపేసి బండి పక్కనే కూర్చుని ఉన్నాడు. "దెయ్యమొచ్చి విమానం ఎక్కుతానంటే సారు టికెట్ అడుగుతడు. అదే పరేషానై ఉరుకుతది."

ఇంకోరోజైతే చక్రపాణి నవ్వేవాడే. ఆ రోజు నవ్వు రాలేదు. భయమూ రాలేదు. పన్ను పీకే ముందు సూది వేస్తారు చూడండి, పెదవి మనదే అయినా మనది కానట్టుంటుంది. మనిషంతా అలా ఉన్నాడు.

ఎందుకలా అయ్యాడో చెప్పాలి. రోడ్ల మీద వంటావార్పులు, రాస్తారోకోలు. కంపెనీ కారు దిల్‌సుఖ్‌నగర్ వైపు రావడం మానేసింది. ఎల్.బి.నగర్ దాటాక సాగర్ రింగ్ రోడ్డు దగ్గర నిలబడుతుంది. చైతన్యపురిలో ఇంటి నుంచి అక్కడిదాకా చక్రపాణి చక్రాల పెట్టె లాక్కుంటూ నడవాలి. తొలి విమానం ఇతనిదే కనక తెల్లవారకముందే బయల్దేరాలి. పగలు పడుకుందామంటే కరెంటు కోత, కింద డప్పులు. పైగా రాలేకపోయిన పైలట్ల డ్యూటీలూ ఇతని నెత్తినే.

"ఒంట్లో బాగాలేదని చెప్పెయ్యండి," అంది భార్య విజయదుర్గ.

"చెప్తే ఏమంటారు? ఆంధ్రావాడు బందుకి జడిసి ఇంట్లో దాక్కున్నాడంటారు. కెప్టెన్ని చేసి నాలుగు నెలలు కాలేదు దుర్గా."

"అననివ్వండి. మీ సీటు వెనకాల ఎంతమంది కూర్చుంటారో మీకు నేను చెప్పాలా?"

విమానంలో ఎడమ సీటు కెప్టెన్‌ది. ఆఖరి మాట ఆయనదే. వాతావరణం బాగాలేదు, వెళ్లనంటే ఎంత పెద్ద అధికారీ వెళ్లమనలేడు. అలాగే తన ఒంటి సంగతి చెప్పాల్సిందీ ఆయనే. ఇంజన్ వేడెక్కితే చెప్పడానికి ఎదురుగా మీటర్లుంటాయి. పైలట్‌కి నిద్ర చాలలేదని చెప్పడానికి పైలట్ తప్ప ఎవరూ లేరు.

ఆ రాత్రీ బయల్దేరే ముందు ఆఫీసు నుంచి డ్యూటీలు వేసే వినయ్ ఫోన్ చేశాడు.

"సార్, ఫిట్ కదా?"

"ఫిట్," అన్నాడు చక్రపాణి. రోజూ అనేదే.

బయట కరెంటు లేదు. రోడ్డు మధ్యలో వంటావార్పు రాళ్ల పొయ్యి ఇంకా ఆరలేదు, బూడిద కింద ఎర్రగా ఉంది. పెట్టె చక్రం ఒకటి అరిగి గరగరమంటోంది. తన కాళ్లు నడుస్తున్నాయని ఆ చప్పుడును బట్టే తెలుస్తోంది అతనికి.

పండ్ల మార్కెట్ దగ్గర కుళ్లిన బత్తాయిల వాసన. సందు మొదలు.

అక్కడ వినపడింది.

"పార్కింగ్ బ్రేక్?"

తరవాత ఇంకో గొంతు, నెమ్మదిగా—

"సెట్."

చక్రపాణి ఆగాడు. అన్నదమ్ములు వాటాల గురించి మాట్లాడుకోవడం కాదది.

"ఫ్యూయల్ పంప్స్?"

"ఆన్."

ఆ మాటలు అతనికి అన్నప్రాసన నాటి నుంచి తెలిసినంత బాగా తెలుసు. విమానం కదలకముందు ఒక పైలట్ ఒక్కొక్కటే చదువుతాడు. రెండో పైలట్ ఆ మీటను కంటితో చూసి, అప్పుడు జవాబు చెప్పాలి. వందసార్లు చేసిన పనే కదా అని చూడకుండా 'ఆన్' అన్నాడో... అంతకంటే పెద్ద తప్పు కాక్‌పిట్‌లో లేదు.

మరి తాళం పడ్డ ఇంట్లో ఎవరు చదువుతున్నారు? ఎవరు చూస్తున్నారు?

భయం వేయాలి కదా... వేయలేదు. గుండె కూడా వేగంగా కొట్టుకోలేదు. కాళ్లు వాటంతటవే సందులోకి తిరిగాయి.

ప్రహరీ కూలినచోట అరుగు కనిపించింది. అరుగు మీద తెల్ల చొక్కా.

ఒక్కటే చొక్కా. ఒక్కడే మనిషి. గొంతులు మాత్రం రెండు...

"ల్యాండింగ్ గేర్?" అని అడిగింది ఒక గొంతు. నేలకు దిగే ముందు చక్రాలు కిందికి దించారా అని అడిగే ప్రశ్న అది.

ఈసారి జవాబు రాలేదు. చీకట్లో ఆ ప్రశ్న అలాగే నిలబడింది. తెల్ల చొక్కా మనిషి మెల్లగా తల ఇటు తిప్పుతున్నాడు. చక్రపాణి పెదవులు వాటంతటవే కదిలాయి—

"డౌ..."

"సారూ!"

కళ్లలో టార్చి వెలుగు. భుజం పట్టుకుని ఎవరో ఊపుతున్నారు. ముత్తమ్మ. ఆమె వెనక కర్ర పట్టుకుని బక్కయ్య.

చక్రపాణి కళ్లు చిట్లించి చూశాడు. వీపుకి తగులుతోంది తాళం వేసిన తలుపు. పక్కనే తన పెట్టె.

అరుగు మీద కూర్చుని ఉన్నది తనే.

"నువ్వేనా సారూ..." ముత్తమ్మ టార్చి కిందికి దించింది. "గిన్ని దినాలసంది నువ్వేనా?"

"కాదు... నేనిప్పుడే వచ్చాను. ఇక్కడెవరో కూర్చుని ఉంటే చూద్దామని..."

"ఎవ్వరు లేరు సారూ. మేము గోడ కాడికెల్లి చూస్తనే ఉన్నం. కండ్లు మూసుకొని నువ్వే అడుగుతున్నవ్, మల్ల నువ్వే చెప్తున్నవ్."

"గొంతు గూడ మారుస్తున్నవ్," అన్నాడు బక్కయ్య. "నేనైతే కర్ర ఎత్తిన. అంగీ ఇస్త్రీ చూసి గిది నాదే అన్నది మా ఆడది. లేకుంటే నీ తల పగులుతుండె సారూ."

"రోజూ ఇలాగేనా?" అని అడిగాడు చక్రపాణి. తన మాట తనకే దూరంగా వినపడింది.

"రోజూ," అంది ముత్తమ్మ. "జరసేపు మాటలు వినొస్తయ్. ఆనెంక గరగర అనుకుంట పోతది. మేము తలుపులు బిగించుకొని పంటుంటిమి. ఇయ్యాల ఎట్లనన్న చూడాలని తెగించి వచ్చినం."

చక్రపాణికి తెలిసింది ఒక్కటే. రోజూ మెయిన్ రోడ్డు మీదే వెళ్లాడు. ఈ అరుగు ఎన్నడూ ఎక్కలేదు.

ఫోన్ తీశాడు.

"వినయ్... నేను ఫిట్ కాదు."

"బందు వల్లా సార్? పోలీసు బండి పంపమందామా?"

"బందు కాదు. నిద్ర. నడుస్తూ నిద్రపోతున్నాను. నాకు తెలియకుండానే. ఇవాళ నేను ఎక్కకూడదు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"అలాగే సార్. ఫ్లైట్ లేటవుతుంది. ఇంకొకరు దొరికేదాకా ఆపుదాం," అన్నాడు వినయ్. తరవాత, ఊరడించడానికో ఏమో, కాస్త నవ్వాడు. "మీరా సార్! నమ్మలేకపోతున్నాను. నిన్న రేణిగుంటలో ఆ వాన, ఆ గాలి... చివరిదాకా రన్‌వేనే కనపడలేదట. అయినా వెన్నముద్దలా దించారని మీ కో-పైలట్ అలేఖ్య మేడమ్ ఒకటే పొగడ్త. పక్క సీట్లో కూర్చుని ఇంత ప్రశాంతంగా విమానం దించినవాళ్లని చూడలేదట."

నిన్న విమానం ఎక్కిన మెట్లు చక్రపాణికి గుర్తున్నాయి. టీ ఇచ్చిన అమ్మాయి చెయ్యి గుర్తుంది. ఆ తరవాత కారు కిటికీ, సాగర్ రింగ్ రోడ్డు. మధ్యలో వెతికాడు. మళ్లీ వెతికాడు.

"సార్... లైన్‌లో ఉన్నారా?"

"వినయ్," అన్నాడు చక్రపాణి. "నిన్న రేణిగుంటలో... వాన పడిందా?"