పరాయి గొంతు

"కదలకండి. ఇప్పుడూ వినిపిస్తోందా?" అని అడిగింది డాక్టర్ నీరద.

"ఆఁ, డాక్టరమ్మా. మిమ్మల్ని కూడా తిడుతున్నాడు," అంది ఎస్తేరు.

విశాఖలోని ఆ పరిశోధనశాలలో వాళ్లతోపాటు ఎస్తేరు వాళ్ల అన్నయ్య యోహాను ఒక్కడే ఉన్నాడు. ఎస్తేరు కాలేజీలో ల్యాబ్ అటెండర్. స్కిజోఫ్రీనియా బయటపడి తొమ్మిదేళ్లయింది. మందులతో భయాలు, అనుమానాలు తగ్గాయి. ఒక మగగొంతు మాత్రం పోలేదు. "నువ్వెందుకూ పనికిరావు, నీకు తిండి దండగ" అంటుంది రోజంతా.

"నీ సొమ్ము తింటున్నానా? నోర్ముయ్!" అని ఎస్తేరు తిరగబడేది. పంతం కొద్దీ ఇంకో ముద్ద తినేది.

నీరద ఆమె చెవి వెనక చిన్న చిప్ అమర్చింది.

"ఇదేం చేస్తుందమ్మా?" అన్నాడు యోహాను.

"మనం మనసులో ఏదైనా అనుకున్నప్పుడు, మెదడులో మాటల్ని తయారుచేసే భాగం, వినే భాగానికి 'ఇది మన మాటే' అని సిగ్నల్ పంపుతుంది. మీ చెల్లెలికి ఆ సిగ్నల్ సరిగా అందడం లేదని మా అంచనా. అందుకే తన ఆలోచనే ఎవరో అన్నట్టు వినిపిస్తోంది. ఈ చిప్ ఆ సిగ్నల్ అందిస్తుంది. కొన్నాళ్లకు మెదడే నేర్చుకుంటుంది."

స్విచ్ వేసింది. ఎస్తేరు ఉలిక్కిపడి గది నలుమూలలా చూసింది.

"వెళ్లిపోయాడు!"

యోహానుకి ఏడుపు ఆగలేదు.

నెల తిరక్కుండానే అతను చెల్లెల్ని చేతుల మీద మోసుకొచ్చాడు. బుగ్గలు లోపలికి పోయాయి. నీరద చిప్ నమోదుచేసిన గ్రాఫులన్నీ చూసింది. ఎక్కడా లోపం లేదు.

"ఆ గొంతు మళ్లీ వచ్చిందా?"

"లేదమ్మా."

"మరి అన్నం ఎందుకు మానేశారు?"

"నాకు తిండి దండగ కదా," అంది ఎస్తేరు, ఎంతో మామూలుగా.

"ఆ మాట అన్నది వాడే కదే!" అన్నాడు యోహాను.

"వాడెవడు, అన్నా? అది నా ఆలోచనేనని డాక్టరమ్మే చెప్పారుగా. ఇన్నేళ్లూ తెలీక నాతో నేనే పోట్లాడాను. ఇప్పుడు ఎవరితో పోట్లాడను?"

నీరద అప్పటికప్పుడే చిప్ తీసేసి, ఎస్తేరుని వార్డులో చేర్చి సెలైన్ పెట్టించింది. ఆ గొంతు తిరిగొస్తుందేమోనని ఒకరోజు చూశారు, రెండ్రోజులు చూశారు. చిప్ లేకపోయినా స్కాన్‌లో ఆ సిగ్నల్ చక్కగా వెళ్తూనే ఉంది. మెదడు నేర్చేసుకుంది.

"మళ్లీ మరిచిపోయేలా చెయ్యలేరా అమ్మా?" అని అడిగాడు యోహాను.

నీరద పాత స్కాన్లు ముందేసుకుని మళ్లీ మొదటినుంచి చూడసాగింది.

ఐదో రోజు పొద్దున్నే అతను మంచం మీదికి వంగి, ఆశగా చెల్లెలి చెవి దగ్గర అడిగాడు.

"వాడేమైనా అన్నాడా తల్లీ? ఒక్క తిట్టైనా?"

ఎస్తేరు అన్న చెయ్యి నిమిరింది.

"లేదన్నా. చాలా ప్రశాంతంగా ఉంది."