మేము అన్నాడు!

"వచ్చే నెల మేము ఒక రీసెర్చ్ పేపర్ మొదలుపెడుతున్నాం," అన్నాడు నామవాచకం, కాఫీ మెషీన్ దగ్గర కప్పు పట్టుకుని. ఆ చెప్పడం కూడా బయట వర్షం పడుతోందని చెప్పినంత తేలిగ్గా చెప్పాడు.

సర్వనామం కప్పులో తిప్పుతున్న చెంచా ఆగిపోయింది.

ఈ పేర్లు వాళ్ల అమ్మానాన్నలు పెట్టినవి కావు. పిల్లలు మాటలు ఎలా నేర్చుకుంటారో పరిశోధించే ఆ డిపార్ట్‌మెంట్‌లో ఈ ఇద్దరు లెక్చరర్లకీ విద్యార్థులు పెట్టినవి. పసివాళ్లు బంతి, కుక్క, చెంచా అనే పేర్లను ఎలా పట్టుకుంటారన్నది అతని పని. 'మనం' అన్న మాటకీ 'మేము' అన్న మాటకీ తేడా వాళ్లకి ఎప్పుడు తెలుస్తుందన్నది ఆమె పని. ఆ తేడా మీద ఆమె ఎంత కష్టపడిందంటే, ఎవరైనా 'మేము' అంటే చాలు, అందులో ఎవరున్నారో, ముఖ్యంగా ఎవరు లేరో ఠక్కున పసిగట్టేస్తుంది.

ఈ మేములో తను లేదు.

"మేము అంటే?" అంది, అడగకూడదనుకుంటూనే.

"నేనూ, బొమ్మల ల్యాబ్ మేడమూ."

బొమ్మల ల్యాబ్ మేడమ్ వేరే యూనివర్సిటీ మనిషి. పిల్లలకి బొమ్మలు చూపించి ప్రయోగాలు చేస్తుంది. ఆవిడ ఒక పేపర్ రాసిందంటే, ఆ తర్వాత రాసే వాళ్లంతా తమ పేపర్లలో ఆవిడ పేరు చెప్పి తీరాల్సిందే. సైటేషన్ అంటే అదే. మామూలు జనం జీతం చూసి గౌరవిస్తారు, వీళ్లు సైటేషన్లు చూసి గౌరవిస్తారు. ఆ లెక్కన బొమ్మల మేడమ్ మహారాణి, మన సర్వనామం మధ్యతరగతి.

"చాలా సంతోషమండీ. మీకు అభినందనలు," అంది సర్వనామం.

"మీకా? పీహెచ్‌డీలో చేరిన రోజు నుంచీ నన్ను 'ఒరే' అనడం ఒక్కటే తక్కువ. ఇవాళ 'మీరు' ఏంటి?"

"పెద్దవాళ్లతో తిరిగేవాళ్లకి మర్యాద ఇవ్వాలి కదండీ."

అతనికేం అర్థం కాలేదు. నవ్వేసి వెళ్లిపోయాడు. అలా నవ్వినప్పుడు అతని ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట పడుతుంది. ఆ సొట్టని ఇన్నేళ్లుగా తనొక్కతే గమనిస్తోందనుకుంది పాపం. ఇప్పుడు వీడియో కాల్‌లో ఇంకొకరు కూడా గమనిస్తూ ఉంటారన్న ఆలోచన వచ్చేసరికి కాఫీ చేదెక్కింది.

గదికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. కూర్చున్నది తన ప్రమోషన్ పని కోసమే. ఆ మాటకొస్తే అదే అసలు తలనొప్పి. ఈసారి ప్రమోషన్ రాకపోతే ఆమె కాంట్రాక్టు అయిపోతుంది. చిట్టి కుర్చీలతో, మైకులతో తనే అమర్చుకున్న రికార్డింగ్ గది ఇంకొకరి చేతికి పోతుంది. కమిటీ చూసేది సైటేషన్లే. కావలసిన సంఖ్యకి ఆమె సరిగ్గా ఒక్కటి తక్కువలో ఉంది.

తనని ఎవరెవరు సైట్ చేశారో చూసింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఉన్నారు. తనని సెమినార్‌లో ఏడిపించిన ముసలాయన కూడా ఉన్నాడు. నామవాచకం లేడు.

మళ్లీ వెతికింది. లేడు.

పక్కగదిలో కూర్చుంటాడు. తన ప్రతి డ్రాఫ్టూ చదివి కామాలు దిద్దుతాడు. "ఇది బ్రహ్మాండం" అని అంచుల్లో రాస్తాడు. తీరా అచ్చులో ఒక్కసారి, ఒకే ఒక్కసారి తన పేరు చెప్పలేదు! పోనీ ఎవరి పేరూ చెప్పడేమో అని అతని పేపర్లన్నీ తెరిచి, సైట్ చేసినవాళ్ల జాబితా ఉండే చివరి పేజీలు చూసింది. చూడకుండా ఉంటే సరిపోయేది. ప్రతి పేపర్లోనూ బొమ్మల మేడమే. ఒకదాంట్లో అయితే ఒకే పేజీలో మూడుచోట్ల.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఆవిడ ఫొటో కూడా వెతికింది. ఆవిడ జుట్టు కూడా బాగుంది. అది మరీ అన్యాయం అనిపించింది.

సాయంత్రం అక్క దగ్గర కక్కేసింది. అక్క పళ్ల డాక్టరు, చెల్లెలి మాట వింటూనే గ్లవ్స్ తీసి పారేసింది.

"అంటే నీ ఏడుపు సైటేషన్ కోసమా?"

"మరి దేనికోసం? ప్రమోషన్ పోతోందే అక్కా!"

"నా కుర్చీలో కూర్చునేవాళ్లు కూడా ఇంతే. పుచ్చింది ఒకటైతే పక్క పన్ను చూపిస్తారు. ఆ ముసలాయన సైట్ చేయకపోతే ఇలాగే ఏడ్చేదానివా?"

"ఆయనకీ ఇతనికీ పోలికేంటి?"

"అదే నేనూ అడుగుతున్నాను," అంది అక్క. "వెళ్లి అతన్నే అడుగు. కడుపులో పెట్టుకుంటే కుళ్లిపోతుంది."

మర్నాడు కూడా వర్షమే. రికార్డింగ్ గదిలో కిటికీ మూసి, మైకుల వైర్లు చుడుతుంటే నామవాచకం తలుపు తోసుకుని వచ్చాడు. తల తడిసింది, అద్దాలు తడిశాయి.

"ఒక మైకు కావాలి."

"మీ మేడమ్‌గారిని అడగండి. ఆవిడ దగ్గర మంచివి ఉంటాయి."

"నా మేడమా?" అతను అద్దాలు తుడుచుకోవడం ఆపేశాడు. "అసలేమైంది నీకు?"

"ఏమీ కాలేదు. మీ పేపర్లన్నీ చదివాను. భజన బాగుంది."

"భజనా! లోపల చదివావా, చివరి పేజీ మాత్రమే చూశావా?"

ఆమె వైరు చుట్టడంలో మునిగిపోయింది. చివరి పేజీలే చూసింది మరి.

"ఆవిడ తప్పు, ఆవిడ తప్పు, ఆవిడ ఇక్కడ కూడా తప్పు అని రాశాను ప్రతిదాంట్లో," అన్నాడు. "తిట్టాలన్నా పేరు చెప్పాలిగా. ఆవిడకి విసుగొచ్చి, 'ఇద్దరం కలిసి ప్రయోగం చేద్దాం, ఎవరిది తప్పో తేలిపోతుంది' అంది. పోట్లాడుకోవడానికే కలిశాం తల్లీ. ఆవిడకి మా అమ్మ వయసుంటుంది."

సర్వనామానికి లోపల సగం మంట చప్పున ఆరిపోయింది. ఆ ఫొటో ఎప్పటిదో మరి. కానీ మిగిలిన సగం భగ్గుమంది.

"సరే, ఆవిడని తిట్టడానికి చెప్పావు. నన్ను తిట్టడానికైనా చెప్పలేదే? నా పని అంత పనికిమాలిందా?"

అతను చిట్టి కుర్చీలో కూలబడ్డాడు. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి.

"పై అంతస్తు జంట సంగతి గుర్తుందా? ఒకరినొకరు సైట్ చేసుకుంటూ పెళ్లి చేసుకున్నారు. కమిటీ ఏం చేసింది? ఇంటివాళ్ల సైటేషన్లు చెల్లవని, పెళ్లికి ముందువి కూడా కొట్టేసింది. ఊరంతా నవ్వింది. భార్య పైకొచ్చింది మొగుడి వల్లే అన్నారు. నీ గురించి ఎవరూ ఆ మాట అనకూడదనుకున్నాను. అందుకే నీ పేరు రాయాల్సి వచ్చిన ప్రతిచోటా పక్కదారి తొక్కి రాశాను."

"ఆగాగు. పెళ్లి ఎవరికి?"

"మనకి."

"నన్ను అడిగావా?"

"ఇంకా లేదు. నీ ప్రమోషన్ అయ్యాక అడుగుదామని..."

"అడగకుండానే లెక్కల్లోంచి తీసేశావా!" ఆమె చేతిలో చుట్టిన వైరంతా జారి కింద పడింది. సంతోషమో కోపమో తేల్చుకోలేకపోయింది, కోపమే ముందొచ్చింది. "నీ పేపర్లు అంత బోరు కొట్టేది ఈ పక్కదారుల వల్లా? నా పని మీద నిలబడి నా పేరు మింగేస్తే దాన్ని ప్రేమ అనరు, దొంగతనం అంటారు."

"తెలుసు. ఇప్పుడు రాసినదాంట్లో పక్కదారి కూడా దొరకలేదు. నీ 'మనం' పేపర్ లేకపోతే అది నిలబడదు. అందుకే అచ్చుకి ముందు దిద్దాల్సిన ప్రూఫ్ తిరిగి పంపకుండా నాన్చుతున్నాను."

"రాయి."

"తర్వాత ఇంటి మనిషినైతే..."

"ముందు నా పేరు రాయి. మిగతా సంగతి మిగతాది."

అతను అక్కడే, ఆ చిట్టి కుర్చీలోనే, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని రాశాడు. స్పెల్లింగ్ సరిగా ఉందో లేదో అని ఆమె అతని భుజం మీంచి తొంగి చూసింది. అంత దగ్గరగా చూడాల్సినంత చిన్న అక్షరాలేమీ కావు అవి.

కమిటీ కూర్చునేలోపు ఆ పేపర్ వచ్చేసింది. సర్వనామం సంఖ్య సరిగ్గా గీత మీదికి చేరింది.

డీన్‌గారు కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, అందరినీ అడిగే ప్రశ్నే ఆమెనీ అడిగారు. "మిమ్మల్ని సైట్ చేసినవాళ్లలో మీ ఇంటివాళ్లు ఎవరైనా ఉన్నారామ్మా?"

లేరు అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు. లేరు అంటే గది మిగులుతుంది, చిట్టి కుర్చీలు మిగులుతాయి. కానీ లేరు అన్న మాట ఆమెకి నోట్లోంచి రాలేదు. ఎవరు ఉన్నారో ఎవరు లేరో చెప్పడమే తన బతుకంతా చేసిన పని.

"ఒకరున్నారు సార్. అన్నిటికంటే చివరిది. తీసేయండి."

గదిలో అందరూ కాగితాలు తిప్పారు.

"తీసేస్తే మీకు ఒకటి తగ్గుతుంది," అన్నారు డీన్‌గారు.

"తెలుసు సార్."

"ఈయన మీకేమవుతారు?"

"ఇంకా ఏమీ అవలేదు సార్," అంది సర్వనామం. చెవులు వేడెక్కాయి. "ఇవాళ సాయంత్రం అడుగుదామనుకుంటున్నాను."

ఎవరో దగ్గారు. డీన్‌గారు కళ్లజోడు పూర్తిగా తీసేశారు.

"ఏమీ కానివాడి సైటేషన్ కొట్టేసే రూలు మా దగ్గర లేదు. మా కమిటీ మధ్యాహ్నంతో అయిపోతుంది. సాయంత్రం దాకా ఓపిక పట్టగలరా?"

"పట్టగలను సార్."

బయట వరండాలో నామవాచకం గోళ్లు కొరుక్కుంటూ నిలబడి ఉన్నాడు. ఆమె మొహంలో నవ్వు చూసి, లోపల అంతగా నవ్వించిందెవరా అని అతనికి కూడా ఎక్కడో చురుక్కుమంది.

"ఏమన్నారు?"

"నీ సైటేషన్ ఉంచారు."

"అమ్మయ్య!"

"సాయంత్రం దాకానే."

"అదేంటి, సైటేషన్‌కి కూడా గడువుంటుందా?"

"ఉంటుంది. సాయంత్రం నుంచి నువ్వు ఇంటి మనిషివి. ఇక ఎన్ని రాసినా చెల్లవు."

వస్తువుల పేర్లతో బతికే మనిషి కదా, ఆ మాట బుర్రకెక్కడానికి కొంచెం సేపు పట్టింది. ఎక్కాక మాత్రం సాయంత్రం దాకా ఆగలేకపోయాడు.