తన్మయి చేతులు

తొమ్మిది గంటల పాఠానికి హైమ, ఇక్కడి తాకిడిని దూరాన ఉన్న చేతికి చేర్చే స్పర్శతొడుగు వేసుకుని వేళ్లు ఒక్కొక్కటే ఆడించి చూసుకుంది. ఊరికి అవతలి కొసన, పెదగంట్యాడలో, అలాంటిదే చిన్న తొడుగు ఆరేళ్ల తన్మయి చేతికి ఉండాలి. ఆ పిల్లకు చూపు లేదు, వినికిడి లేదు. మాటలన్నీ అరచేతిలోనే. మూడో మహమ్మారికి బడి మూతపడేనాటికి అమ్మ, నీళ్లు, ఆకలి, ఇంకా కావాలి అని చేతితో చెప్పగలిగేది.

ఇవాళా అటునుంచి కదలిక లేదు. గోడతెర మీద తల్లి పైడితల్లి కనిపించింది.

"ఏసుకోదండి టీచరమ్మా, ఇసిరేత్తంది. దానికది సెయ్యి కాదండి, రబ్బరు. నీళ్లడగడం కూడా మానేసింది. సేతులు రక్తాలొచ్చేలా కొరికేసుకుంటంది."

తెర అడుగున, పిల్లల చదువు లెక్క చూసే యంత్రం విద్యాసూచి అక్షరాలు వెలిగాయి. 'స్పందన లేని రోజులు ముప్పై తొమ్మిది. రేపటి నుంచి సంరక్షణ జాబితా.'

ఆ జాబితాలో పడితే తిండి వస్తుంది, మందులు వస్తాయి. టీచరు మాత్రం ఇక ఉండరు.

హైమ పర్యవేక్షకుడు ప్రసాదరావును పిలిచింది. "ఒక్క వారం వెళ్లనివ్వండి సార్."

"ఎవరింట్లో అడుగుపెడితే ఇరవై ఒక్క రోజులు తలుపుకి ముద్ర వేసి అక్కడే ఉంచేస్తారమ్మా. మిగతా పిల్లల సంగతేంటి?"

"వాళ్లకి తెరైనా కనిపిస్తుంది సార్."

తొడుగు తీసి బల్ల మీద పెట్టింది. గడప దాటగానే, ఎవరెక్కడున్నారో కనిపెట్టే ఆమె చేతి కంకణం ఎర్రబడింది. గంటన్నర నడిచింది. ఖాళీ వీధుల్లో ఎవరూ ఆపలేదు.

పైడితల్లి తలుపు తీసి హడలిపోయింది. "ఉద్యోగం పోద్ది, ఎల్లిపోండమ్మా!"

హైమ లోపలికొచ్చి నేల మీద కూర్చుని, కట్లు కట్టిన ఆ చిన్న చేతుల కింద తన వట్టి చెయ్యి పెట్టింది. తన్మయి గీరింది. కొరికింది. హైమకు కళ్లమ్మట నీళ్లొచ్చాయిగానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె వెనక వీధి తలుపుకు ముద్ర పడింది.

చాలాసేపటికి పిల్ల ఆ చేతిని తడిమింది, వాసన చూసింది. ఒక్క మాటా చెప్పలేదు. వదలనూ లేదు.

మధ్యాహ్నం కంకణంలోంచి ప్రసాదరావు గొంతు వినిపించింది. "మీ ముద్ర సంగతి టీచర్లందరి కంకణాల్లోనూ మోగిందమ్మా. ఇంకో నలుగురు టీచర్లు పిల్లల ఇళ్లకి బయల్దేరారు. ఎవరిని ఏ జాబితాలో వెయ్యాలో విద్యాసూచికి అంతుపట్టడం లేదు. వాళ్లకేం చెప్పమంటారు?"

"ఇరవై ఒక్క రోజులకి సరిపడా బట్టలు తెచ్చుకోమనండి సార్."