తెరకు రెండో కొస

చంద్రగిరి భజన మందిరంలో ప్రతి ఆదివారం పొద్దున పిల్లలకు పాటలు, నాటకం నేర్పడానికి కార్వేటినగరం నుంచి పంకజాక్షి వచ్చింది. వచ్చిన మొదటి రోజే కిరాణా అంగడి ధనంజయతో తగాదా.

"నీ పేరేంది పాపా?" అని ఎనిమిదేళ్ల పిల్లను అడిగింది.

"జ్ఞానాంబ" అన్నాడు ధనంజయ.

"ఏ క్లాసు?"

"మూడు. మా అక్క కూతురు. పాట బాగా వస్తాది, పాడదు."

"సార్, పాప మీరా?"

పిల్లలు పకపకా నవ్వారు. ధనంజయ చెవులు ఎర్రబడ్డాయి.

జ్ఞానాంబ ఇంట్లో వసపిట్ట. గడప దాటితే నోరు పెగలదు. మూగదని బడిలో ఎవరూ ఆటకు పిలవరు. ఇలాగే ఉంటే చదువు మాన్పిస్తానని వాళ్ల నాయన మునస్వామి అప్పటికే తేల్చేశాడు. ధనంజయకు అదే బెంగ. ఆ ప్రేమ కొద్దీ పిల్ల చెప్పాల్సిన మాటలన్నీ తనే చెప్పేస్తుంటాడు.

"ఈడ ఎవరి మాట వాళ్లే చెప్పాల. మీరు బయట అరుగు మీద కూర్చోండి" అంది పంకజాక్షి.

కూర్చున్నాడు. "గట్టిగా! వెనక వరసకు వినపడాల!" అని ఆమె పిల్లలకు చెబుతుంటే కిటికీలోంచి తొంగి చూస్తూ కూర్చున్నాడు. మేనకోడలినే చూస్తున్నాననుకున్నాడు పాపం.

కొన్ని వారాలకు తెలిసింది, జ్ఞానాంబకు ఇచ్చింది వేషం కాదని, తెర పట్టే పని అని. వీధినాటకంలో లాగా ఇద్దరు చెరో కొస పట్టుకోవాలి, పాట ముగియగానే ఇద్దరూ ఒకేసారి దించాలి.

"పాపను తెరకాడ నిలబెట్టేస్తారా?" అని లోపలికి దూసుకొచ్చాడు.

"అదేం సులభమనుకున్నారా? రాండి, ఆ కొస పట్టండి."

పట్టాడు. పిల్లలు పాడుతున్నారు. ఎప్పుడు దించాలో తెలియాలంటే రెండో కొస పట్టిన మనిషి కళ్లలోకి చూడాలి. చూశాడు. పాట అయిపోయింది. ఆమె దించింది, అతను దించలేదు.

"సార్, దించండి."

"ఆఁ... అర్థమైంది టీచర్."

"పాపను మాట్లాడమని నేను బలవంతం చెయ్యను. ఎదుటి మనిషిని చూడమంటానంతే. మాట దానంతట అదే వస్తాది."

ఆ పూట అంగడిలో కందిపప్పు అడిగినామెకు శనగపప్పు కట్టాడు.

నాటకంలో జ్ఞానాంబకు ఎదురుగా రెండో కొస పట్టేది నిర్మల అనే పిల్ల. పాట మధ్యలో ఇద్దరు పిల్లలూ కళ్లతో సైగలు చేసుకునేవాళ్లు. తర్వాత అరుగు మీద వేరుశనక్కాయలు పంచుకోవడం మొదలైంది.

నాటకం రోజు బయట జోరువాన. లోపల ముందు వరసలో మునస్వామి. పాట ముగిసింది. నిర్మల వాళ్లమ్మను చూసి నవ్వుతూ తెర సంగతే మరిచిపోయింది. తెర వెనక రాజుగారి వేషం కట్టిన పిల్లోడు కిరీటం పట్టుకుని అవస్థ పడుతున్నాడు. ధనంజయ అరవబోయి, పెదవి కొరుక్కుని ఆగాడు.

"నిర్మలా! తెర దించుమే!"

ఆ గొంతు జ్ఞానాంబది. మందిరమంతా వినపడింది. తెర దిగింది, చప్పట్లు మోగాయి. "మా పాపే అప్పా! రేపు బడికి నేనే పిలుచుకుపోతా" అని మునస్వామి కళ్లు తుడుచుకున్నాడు.

అందరూ వెళ్లిపోయారు. జ్ఞానాంబ మాత్రం మామతో ఆగింది. తెల్లారితే పంకజాక్షి తన ఊరికి బస్సెక్కుతుంది, మళ్లీ రాదు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని ధనంజయకు తెలుసు.

"పాపా, నువ్వు చెప్పు టీచర్‌కు..." అని గొణిగాడు.

జ్ఞానాంబ అతని చేతిలోని గొడుగు తీసుకుని బయటికి నడిచింది. "ఎవరి మాట వాళ్లే చెప్పాల మామా" అని అరుగు మీద కూర్చుంది.

పంకజాక్షి తెర రెండో కొస అతనికి అందించింది. మడత పెట్టడానికి ఇద్దరూ దగ్గరికి నడిచారు.

"మా నాయన్ని మీ ఇంటికి పంపిద్దామని..."

"ఆయన మాట ఆయన చెప్తాడు. మీ మాట?"

"మీరంటే... నాకు ఇష్టం."

పంకజాక్షి తల వంచుకుంది.

"మీ నాయన్ని రమ్మనండి. ముందు ఆ మాట ఇంకోసారి గట్టిగా చెప్పండి. వెనక వరసకు వినపడాల."

అతను ఊపిరి తీసుకునేలోపే అరుగు మీద నుంచి కేక వచ్చింది.

"నాకు వినపడింది టీచర్!"