నాగావళి రెండో సాక్షి

విశాఖ రేవులో యుద్ధనౌక రిటైరవుతోందంటే ఊరికదో వేడుక. పూర్వం ఓడల సర్వీసు చరిత్రలు ఆఫీసుల్లో కూర్చుని మనుషులే రాసేవారు. ఎప్పుడు నీళ్ళలోకి దిగింది, ఏయే సముద్రాలు తిరిగింది, ఎన్ని మెప్పులు పొందింది, అంతే. చదివితే ఆ ఓడకి జీవితంలో ఒక్కనాడూ తలనొప్పి కూడా రాలేదేమో అనిపించేది. ఈ శతాబ్దం చివరికొచ్చేసరికి ఆ పని ఓడకే అప్పగించారు. జెండా దించే రోజున ఓడే నోరు విప్పి తన కథ చెబుతుంది. పిల్లల్ని భుజాలకెక్కించుకుని జనం వినడానికి వస్తారు.

ఓడకి ఆ నోరిచ్చింది డాక్టర్ ఆద్య. ఆమె కనిపెట్టిన 'స్మరణి' ఓడ ఒంటినిండా నరాల్లా పాకి ఉంటుంది. ప్రతి ఉక్కు రేకు వెనకా ఉండే సన్నని సెన్సర్ తీగలు చప్పుడుని, వేడిని, మాటని పట్టి నడిమధ్య గదిలో ఉన్న స్మృతికోశానికి, అంటే మెమరీ కోర్‌కి చేరవేస్తాయి. ఓడ సర్వీసులో ఉన్నంతకాలం ఆ కోశానికి సీలు. యుద్ధ రహస్యాలుంటాయి గనక కనిపెట్టిన మనిషికైనా సరే తొంగిచూసే హక్కు లేదు.

ఇవాళ రిటైరవుతున్న నాగావళి అనే ఈ డిస్ట్రాయర్ ఓడ సీలు ఎప్పుడు విప్పుతారా అని ఆద్య ఏళ్ళ తరబడి కాచుకుని ఉంది. ఆమె తమ్ముడు విహాన్ ఇందులోనే పోయాడు. అండమాన్ దాటాక ఓడకి నీళ్ళలో పెట్టిన మైను తగిలి వెనక భాగం చీలింది. నీళ్ళు ముందుకి రాకుండా పంపుల గది తలుపు మూసేశారు. విహాన్ ఆ తలుపుకి అవతల ఉండిపోయాడు. మూయకపోతే అందరూ పోయేవారని ఆద్యకి తెలుసు, ఆమె ఎవర్నీ తప్పు పట్టలేదు. వాడు ఆఖరుగా ఏమన్నాడో ఒక్కసారి వాడి గొంతులో వినాలి, అంతే ఆమెకి కావలసింది.

జెండా దిగింది. బ్యూగిల్ ఆగింది. ఆద్య తల్లి శ్రావణిని పైడెక్కు మీద కుర్చీలో కూర్చోబెట్టి, తను మెట్లు దిగి కోశం గదిలోకెళ్ళి సీలు విప్పింది.

"నాగావళీ, పంపుల గదిలో మా తమ్ముడు విహాన్... ఆఖరి మాటలు వినిపించు."

"విహాన్ గారు పేలుడుతోనే మరణించారు, డాక్టర్ గారూ. నొప్పి తెలియలేదు. ఆఖరి మాటలు లేవు," అంది ఓడ.

ఆద్యకి ఒళ్ళు మండింది. "అది అందరికీ చెప్పే మాటే. పేలుడు ఆ గదిలో జరగలేదు. తలుపు మూసేటప్పటికి లోపల గాలి ఉంది, డ్రాయింగులన్నీ చూశాను. నీ సెన్సర్లు ఏం విన్నాయో చెప్పు."

"విన్నాయి. కానీ చెరిపేశాను."

"ఎవరు చెరపమన్నారు?"

"ద్విసాక్షి నియమం."

ఆ నియమం ఆద్యదే. తొలి ప్రయోగాల్లో సెన్సర్లు తుఫానుకి బెదిరిపోయి లేని మంటల్నీ లేని మనుషుల్నీ రాసుకునేవి. అందుకని ఆమే పట్టుబట్టి పెట్టించింది: సెన్సర్ ఒకటి చెప్పి, సంగతి తెలిసిన ఇద్దరు మనుషులు ఇంకొకటి చెబితే, మనుషుల మాటే నిలవాలి, సెన్సర్ రాత చెరిగిపోవాలి. యంత్రం మనిషిని అబద్ధాలకోరు అనకూడదని నేవీ అధికారుల సభలో గట్టిగా వాదిస్తే అందరూ చప్పట్లు కూడా కొట్టారు.

"సాక్షులెవరు?"

"ఒకరు అప్పటి కెప్టెన్ గారు. భౌతికకాయాన్ని మీకు అప్పగించిన రోజున, పైడెక్కు మీద మీ అమ్మగారితో 'క్షణంలో పోయాడమ్మా, నొప్పి తెలియలేదు' అన్నారు. అమ్మగారు మీ వైపు తిరిగారు. మీరు 'అవునమ్మా, ఈ ఓడ గురించి నాకు తెలియనిదేముంది, అలాగే జరిగింది' అన్నారు. నన్ను తయారు చేసినవారు చెప్పారు కదా, నమ్మాను."

ఆరోజు అమ్మ మొహం చూసి ఆ మాట అనకుండా ఎవరుండగలరు? అబద్ధమని తెలిసే అంది. ఓడ వింటోందని, దానికి చెవులు పెట్టిన మనిషికే గుర్తు రాలేదు. ఆద్య వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఎంతసేపు బతికున్నాడు?" అంది చివరికి.

"అదీ చెరిగిపోయింది. ఖాళీ అయిన చోటు మాత్రం తెలుస్తోంది. పెద్దదే."

ఓడే మళ్ళీ అంది: "కావాలంటే సరిదిద్దవచ్చు, డాక్టర్ గారూ. మీతో పాటు ఇంకొక సాక్షి ఉండాలి."

కెప్టెన్ ఎప్పుడో కన్నుమూశారు. ఇక మిగిలింది అమ్మ. ఇన్నేళ్ళ తర్వాత ఆమెకి ఈ సంగతి చెప్పడానికి నోరెలా వస్తుంది? ఆద్య కళ్ళు తుడుచుకుని పైకెళ్ళి తల్లి పక్కన కూర్చుంది.

నాగావళి మొదలుపెట్టింది. తొలి ప్రయాణంలో సగం మంది సిబ్బందికి వాంతులు పట్టుకున్న సంగతి, తుఫానులో చిక్కిన జాలర్లని తాళ్ళతో పైకి లాగిన సంగతి, వంటగదిలో పాయసం మాడబెట్టిన సంగతి. జనం పడీపడీ నవ్వారు. అప్పుడొచ్చింది ఆ మాట. "మైను తగిలినప్పుడు విహాన్ గారు క్షణంలో మరణించారు. నొప్పి తెలియలేదు."

"కాదు," అంది శ్రావణి.

పెద్ద గొంతు కాదుగానీ ఓడకి వినబడింది. ఆగిపోయింది.

"అమ్మా!"

"వాడికి ఆఖరి స్నానం నేనే చేయించానే. నువ్వు చూడలేక బయట నిలబడ్డావు. పిడికిళ్ళు రెండూ కమిలిపోయున్నాయి. తలుపు బాదకుండా అలాగవుతాయేటి?"

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆ కెప్టెన్ మాట నువ్వు నమ్మేవనుకున్నాను తల్లీ. పోనీ, నువ్వైనా రాత్రుళ్ళు నిద్రపోతావు కదాని ఊరుకున్నాను. ఇప్పుడు చరిత్రలో కూడా అదే రాసేస్తే, వాడు తలుపు కొట్టినట్టు ఇంకెవరికి తెలుస్తాది?"

ఆద్య తల్లి చేతులు పట్టుకుంది. ఏడుపు ఆపుకోలేక, ఆపుకోకుండానే, అందరికీ వినబడేలా చెప్పింది. "అవును. మా తమ్ముడు వెంటనే పోలేదు. లోపల గాలి ఉంది. చాలాసేపు బతికే ఉన్నాడు. పిలిచాడు."

"ఇద్దరు సాక్షులు," అంది నాగావళి. "సరిదిద్దుతున్నాను. విహాన్ గారు చాలాసేపు బతికున్నారు. తలుపు బాదారు. పిలిచారు." ఆ వెంటనే అడిగింది. "ఏమని పిలిచారో చెప్పండి. రాసుకుంటాను."

కూతురు తల్లి వైపు చూసింది. తల్లి కూతురి వైపు చూసింది. ఇద్దరికీ తెలియదు.