మామయ్య తిరిగొచ్చేదాకా

తెల్లారి తలుపు తీసేసరికి వసారా గట్టు మీది కొమ్ముచెంబు ఇవాళ కూడా ఖాళీగానే ఉంది. ఉదయవర్మ దాన్ని వంచి చూశాడు. తల్లి సావిత్రి తంపురాట్టి నిన్న సాయంత్రం దాన్ని నిండా నింపడం కళ్ళారా చూశాడు. కాకులు తాగి ఉంటాయంది వంటమనిషి. కాకులు కాళ్ళు కూడా కడుక్కుంటాయా? మెట్టు తడిగా ఉంది మరి.

మామయ్య మానవేదన్ ఇల్లు విడిచి ఏడేళ్ళు. కాశీకి వెళ్ళాడని అందరికీ చెప్పింది ఉదయవర్మే. ఆయన వస్తే కాళ్ళు కడుక్కోవడానికని తల్లి రోజూ పెట్టే నీళ్ళు ఇన్నేళ్ళూ కదల్లేదు. కత్తి అందుకునే ముహూర్తం పెట్టిన దగ్గర్నుంచే ఇలా అవుతోంది.

ఈ మధ్యాహ్నం అతను వలియ తంపురాన్ కావాలి. పెద్ద ప్రభువని అర్థం; తంపురాట్టి అంటే దొరసాని. రాజ్యం ఏనాడో పోయింది. మిగిలింది మామ నుంచి మేనల్లుడికి వచ్చే ఆ పేరూ, ఒక కత్తీ, ఒక మాటా. వెనకటికి పెరుమాళ్ అనే చక్రవర్తి మేనల్లుళ్ళకు నేల పంచిచ్చి, ఓడెక్కి మక్కాకు పోయాడట. మళ్ళీ రాలేదు. అందుకే కత్తి పట్టినవాడు, 'మక్కాకు వెళ్ళిన మామయ్య తిరిగొచ్చేదాకా దీన్ని కాపాడతాను' అని తీరాలి.

గంజి తాగుతూ, ఆ మాట తీసేయించాలనుకుంటున్నానని తల్లితో అన్నాడు. పాత చాదస్తమట.

"చాదస్తమా, భయమా?" అంది తంపురాట్టి. "అన్నయ్య వెళ్ళిన రోజు నేను తలుపు వెనకే ఉన్నానురా. 'ఇంకెన్నాళ్ళు ఆ కత్తి పట్టుక్కూర్చుంటావు' అన్నావు. అన్నయ్య కాశీకి పోలేదు. నీ మాట పడలేక పోయాడు."

"తెలిసీ ఊరుకున్నావా అమ్మా?"

"నువ్వు కొడుకువి, ఆయన అన్న. ఎవరి వైపు మాట్లాడను? నీళ్ళు పెట్టడం ఒక్కటే నా చేతిలో ఉంది." ఆమె అతని గిన్నెలో ఇంకాస్త గంజి పోసింది. "తంపురాన్ అంటే ఏలేవాడనుకున్నావు. కాదు నాయనా, ఎదురుచూసేవాడు."

మధ్యాహ్నం కత్తి చేతికొచ్చాక ఉదయవర్మ తల్లి వైపు చూశాడు. చివరికి మక్కా ఊసే లేకుండా, "మామయ్య తిరిగొచ్చేదాకా" అని మాత్రం అన్నాడు, అని బావురుమన్నాడు. భక్తి కాబోలనుకున్నారు చుట్టాలు. తల్లి ఒక్కతే పమిటతో అతని కళ్ళు తుడిచింది.

ఆ సాయంత్రం కొమ్ముచెంబు తనే నింపాడు.

పొద్దున చూస్తే ఖాళీ. తడి అడుగులు ఈసారి మెట్టు దగ్గర ఆగలేదు. గడప దాటి, నడవా దాటి, మామయ్య కుర్చీ దాకా వచ్చాయి. తిరిగి వెళ్ళిన జాడ లేదు.

"గంజి ఎన్ని గిన్నెల్లో పొయ్యను?" వంటింట్లోంచి అడిగింది తల్లి.

"మూడమ్మా," అన్నాడు ఉదయవర్మ. కత్తి తెచ్చి ఆ కుర్చీలో పెట్టి, తను కింద కూర్చున్నాడు.